హెరాల్డు వెనక కాలు

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి మోటారు కార్ల ఇరుసుల గొడవ ఎందుకని పాఠకులు అడగవచ్చు. అడగవలసిందే. కాని కారు కొన్నవాడు మా అక్క కొడుకు. దాన్ని బాగుచేయించడానికి డబ్బు అడిగింది నన్ను. డబ్బు అడిగినవాడికి ముందుగా ఒక ఉపన్యాసం ఇవ్వడం అధ్యాపకుల జన్మహక్కు కదా! ఆ ఉపన్యాసం తయారు చేసుకోవడానికి నెల్లాళ్ళు పుస్తకాలు తిరగేశాను. తిరగేసిన కొద్దీ మా వాడి కారు సంగతి అలా ఉండగా, అసలు కథే రంజుగా కనిపించింది.

కారు పేరు స్టాండర్డ్ హెరాల్డ్. మద్రాసు శివార్లలో వండలూరు ఫ్యాక్టరీలో తయారైన బండి. దీని పుట్టిల్లు ఇంగ్లండు. అక్కడ 1959లో ట్రయంఫ్ హెరాల్డ్ అనే పేరుతో బయటికి వచ్చింది. రూపం గీసినవాడు ఇటలీ దేశస్థుడు మికెలొట్టి. మన దేశంలో 1961 నుంచి తయారైంది. 948 సీసీల చిన్న ఇంజను. ముందరి భాగమంతా, మడ్‌గార్డులతో సహా, ఒక్క ముక్కగా పైకి లేచి ముందుకు ఒరుగుతుంది. ఇంజను పని చూడాలంటే చక్రం మీదే కూర్చుని చూసుకోవచ్చు. ఇక తిరగడం అంటారా, 25 అడుగుల మేరలో గిర్రున వెనక్కి తిరుగుతుంది. నాయుడుపేట బస్టాండు ముందు ఆటోవాళ్ళు కూడా ఒక నిమిషం ఆగి చూస్తారు.

ఈ కారుకు ఇంకో విశేషం ఉంది. పైకప్పును బోల్టులతో బిగించారు. విప్పితే ఊడి వస్తుంది. మా వాడు మేనకూరు సెజ్‌లో ఉద్యోగం చేస్తాడు, చేతిలో పానాలున్నాయి, ఆదివారం సెలవు. ఇంకేం కావాలి? ఒక్క ఆదివారంలో కప్పు విప్పి గోడకు ఆనించాడు. వెనక సీటు పీకి అటక మీద పెట్టాడు. ఇప్పుడిది స్పోర్ట్సు కారు అన్నాడు. మా అక్క బయటికి వచ్చి చూసి, "గూడుబండి కొంటాడనుకుంటే గూడు పీకిన బండి కొన్నాడే!" అని లోపలికి వెళ్ళిపోయింది.

వాడి మాట మరీ గాలిమాట కాదు లెండి. ఇంగ్లండులో 1962లో స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్సు కారు వచ్చింది. దాన్ని హెరాల్డు ఎముకల మీదే కట్టారు. వెనక చక్రాల ఏర్పాటు అచ్చంగా ఇదే. అందువల్ల స్పిట్‌ఫైర్‌కు పట్టిన జబ్బే హెరాల్డుకూ ఉంది, దానికి కనిపెట్టిన మందు దీనికీ పనిచేస్తుంది. ఆ జబ్బు ఏమిటో చెబుతాను.

ఎడ్లబండి ఇరుసును గుర్తుతెచ్చుకోండి. ఈ చివర ఒక చక్రం, ఆ చివర ఒక చక్రం, నడుమ ఒకటే దూలం. ఎడమ చక్రం గుంటలో పడితే కుడి చక్రం కూడా ఒరుగుతుంది. ఒకరి కష్టం ఇద్దరిదీ. అంబాసిడరు వెనక ఇరుసూ, పాత ఫియట్టుదీ, లారీదీ ఇదే జాతి. ఇనప గొట్టంలో పెట్టారు, లోపల గేర్లు పెట్టారు, అంతే తేడా.

హెరాల్డులో అలా కాదు. గేర్ల డబ్బాను, అదే డిఫరెన్షియల్‌ను, కారు చాసిస్‌కు బిగించేశారు. దానికి అటొక చెయ్యి, ఇటొక చెయ్యి. భుజం దగ్గర కీలు ఉన్నట్టు ఒక్కొక్క ఇరుసుకు డబ్బా దగ్గర ఒకే ఒక కీలు. చక్రం ఆ కీలు మీద పైకీ కిందికీ ఊగుతుంది. దీన్ని స్వింగ్ యాక్సిల్ అంటారు. మనం ఊగుడు ఇరుసు అనుకుందాం. డబ్బా నెత్తిన అడ్డంగా ఒక పట్టీల కట్ట ఉంటుంది. మన మెకానిక్కులు దాన్ని కమాను కట్ట అంటారు. కమాను అనేది పారశీకం నుంచి వచ్చిన మాట, విల్లు అని అర్థం. రెండు కొనలూ వంగి చక్రాలను మోస్తుంటే ఆ కట్ట నిజంగా విల్లులాగే ఉంటుంది. పేరు పెట్టిన మేస్త్రి ఎవరో గాని నిఘంటువులు రాసేవాళ్ళ కంటే తెలివైనవాడు.

ఇందులో సుఖం ఏమిటంటే, గుంటలో పడ్డ చక్రం తన పాట్లు తాను పడుతుంది, రెండోది నిమ్మళంగా ఉంటుంది. 1959లో చిన్న కారుకు ఇది గొప్ప. చిక్కంతా మలుపులో వస్తుంది. కారు వేగంగా మలుపు తిరిగేటప్పుడు బరువు బయటివైపు చక్రం మీదికి పోతుంది. రోడ్డు ఆ చక్రం అడుగును లోపలికి నెడుతుంది. కీలు పైన ఉంది, నెట్టుడు కింద ఉంది. ఆ నెట్టుడుకు కారు వెనక భాగం పైకి లేస్తుంది, చక్రం అడుగు కారు కిందికి మడుస్తుంది. లేచిన కొద్దీ మడుస్తుంది, మడిచిన కొద్దీ ఇంకా లేస్తుంది. చివరికి టైరు తన అంచు మీద నిలబడి రోడ్డు మీద పట్టు వదిలేస్తుంది. అలా వదిలేది ఒక్కసారిగా వదులుతుంది, ముందు నోటీసు ఉండదు.

ఇంతకన్నా విషమం మరొకటుంది. మలుపు మధ్యలో నడిపేవాడికి భయం వేసిందనుకోండి. ఏం చేస్తాడు? యాక్సిలరేటరు మీద నుంచి చటుక్కున కాలు తీస్తాడు. అప్పుడు బరువు ముందుకు తూగుతుంది, వెనక భాగం మరికాస్త లేస్తుంది, చక్రం మరికాస్త మడుస్తుంది. మామూలు మనిషి జాగ్రత్త అనుకుని చేసే పనే ఈ కారులో ప్రమాదం.

సంసార పక్షంగా ఒక సంగతి చెబుతాను. వెనక సీట్లో ఇద్దరు పెద్దవాళ్ళు, డిక్కీలో రెండు పెట్టెలు ఉంటే, ఆ బరువుకు వెనక భాగం కుంగి ఉంటుంది. చక్రాల అడుగులు బయటికి, నెత్తులు లోపలికి ఉండి, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డ వస్తాదులా కారు రోడ్డును పట్టుకుంటుంది. బ్రహ్మచారి ఒక్కడే ఎక్కితే వెనక తేలిక, చక్రాలు ముందే కాస్త ముడుచుకుని ఉంటాయి. కప్పు తీసి, సీటు పీకి, మా వాడు చేసింది ఆ తేలికను ఇంకా పెంచడమే. తల్లిని వెనక కూర్చోబెట్టుకుని వెళ్ళినప్పుడు కారు ఎంతో బుద్ధిగా పోయిందనీ, ఒంటరిగా వచ్చేటప్పుడే వెనక భాగం జారుతోందనీ వాడే చెప్పాడు. మా అక్క అది విని చాలా సంతోషించింది. కారణం మాత్రం నేను వివరించలేదు.

నేను ఆ కారు ఎక్కలేదు. రోడ్డు పక్కన నిలబడి చూశాను. హైవే నుంచి కాళహస్తి వైపు దారి చీలిన తర్వాత, ఊరు దాటాక, ఒక చెరువుకట్ట పక్కన మలుపుంది. పొద్దున్నే జనం లేని వేళ. నా పక్కన మా ఊరి పెద్ద మేస్త్రి. కుర్రతనంలో మద్రాసు వర్క్‌షాపుల్లో పనిచేసి వచ్చినవాడు, వయసు డెబ్భైకి దగ్గర. కారు వచ్చింది. వేగం గంటకు యాభై కిలోమీటర్లు మించదు. మలుపులో వాడు కాస్త కాలు తీశాడు. బయటివైపు వెనక చక్రం, కొంగ కాలు ముడిచినట్టు, లోపలికి మడవడం నా కళ్ళతో చూశాను. కారు వెనక భాగం ఒక జానెడు లేచి రెండడుగులు పక్కకు జారింది. రోడ్డు వెడల్పుంది గనుక సరిపోయింది.

"వెనక కాలు మడస్తా ఉంది అయ్యోరూ. ఇది పాతకాలపు రోగమే" అన్నాడు మేస్త్రి.

మా వాడు దిగివచ్చి చెప్పిన మందు ఏమిటో తెలుసా? వెడల్పు టైర్లు. వాటితోపాటు వీలైతే ఇంకా పెద్ద ఇంజను. షోలవరం పందాలలో హెరాల్డులు పరుగెత్తిన పాత ఫోటోలు ఫోనులో చూపించాడు. "అవి పరిగెత్తలేదా మామా?" అని అడిగాడు.

షోలవరం మాకు పరాయిది కాదు. నాయుడుపేట నుంచి మద్రాసు వెళ్ళే దారిలో, రెడ్ హిల్స్‌కు ఇవతల వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే అది. 1950ల నుంచి 1980ల దాకా మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు వాళ్ళు అక్కడ పందాలు జరిపించారు. తర్వాత 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో అసలైన పందెపు బాట వచ్చింది. షోలవరం నేల చాపలాగా చదును. కారు జారితే చుట్టూ ఖాళీ మైదానం. మా వాడు సంక్రాంతికి వెళ్ళదలచింది హార్సిలీ కొండకు. తిరుపతి, చంద్రగిరి దాటి భాకరాపేట ఘాటు మీదుగా మదనపల్లె పోవాలి. 2022 మార్చిలో నిశ్చితార్థానికి వెళుతున్న బస్సు లోయలో పడి ప్రాణాలు పోయిన ఘాటు అదే. ఆ పైన కొండ ఎక్కాలి, మళ్ళీ దిగాలి. దిగేటప్పుడు ఇంజను లాగదు, బ్రేకు పడుతుంది, బరువు ముందుకు తూగుతుంది, వెనక తేలుతుంది. ఊగుడు ఇరుసుకు ఇంతకంటే కఠినమైన పరీక్ష ఎవరూ పెట్టలేరు.

ఇక వెడల్పు టైర్ల విషయం. పట్టు ఎక్కువైతే మంచిదే కదా అని నేనూ అనుకున్నాను, చదివేదాకా. చక్రాన్ని మడిచేదే రోడ్డు నెట్టుడు. టైరు గట్టిగా పట్టుకున్న కొద్దీ ఆ నెట్టుడు పెరుగుతుంది, కారు ఇంకా ఎత్తుకు లేస్తుంది. జారవలసిన కారు బోర్లాపడే స్థితికి వస్తుంది. కాబట్టి ముందు వెనక కాలు సంగతి చూడాలి. టైర్లు ఆ తర్వాత. ఇంజను అన్నిటికన్నా ఆఖరున.

ఈ పాఠం పెద్ద పెద్ద కంపెనీలే కష్టపడి నేర్చుకున్నాయి. 1954లో జర్మనీ మెర్సిడెస్ వాళ్ళ 300 ఎస్‌ఎల్, రెక్కల తలుపుల కారు, ఊగుడు ఇరుసుతోనే వచ్చింది. మలుపులో చేయి తిరిగినవాళ్ళను కూడా తికమక పెట్టింది. 1957లో కప్పులేని నమూనా తెచ్చేటప్పటికి కీలును కిందికి దించారు. కీలు దిగితే నెట్టుడుకు లేపే బలం తగ్గుతుంది. 1960లో అమెరికాలో కార్వేర్ వచ్చింది. ఇంజను వెనక, ఇరుసు ఊగుడు. ఆ కంపెనీ దగ్గర ఉన్న చవక మందు గాలి లెక్క. ముందు టైర్లలో 15 పౌన్లు, వెనక 26 పౌన్లు. ముందు మెత్తగా ఉంటే మలుపులో ముందరి చక్రాలే మొదట అలసిపోతాయి, వెనక చక్రాల మీద అంత భారం పడదు. ఈ లెక్క ఎంతమంది పాటించారు? 1964లో డబ్బా కింద అడ్డంగా ఒక అదనపు కమాను పట్టీ వేశారు. చక్రాలు కిందికి వేలాడి మడవకుండా పట్టి ఉంచడం దాని పని. 1965లో ఏర్పాటు మొత్తమే మార్చేశారు. రాల్ఫ్ నాడర్ ఆ కారును ఎండగడుతూ పుస్తకం అచ్చు వేయించిందీ 1965లోనే. 1972లో అమెరికా ప్రభుత్వ సంస్థ పరీక్షలు జరిపి, తోటి కార్ల కంటే కార్వేర్ మరీ చెడ్డదేమీ కాదని తేల్చింది. తోటి కార్లు కూడా అలాగే ఉన్నాయన్న మాట!

ఇంగ్లండు వాళ్ళ కథ మా వాడికి నేరుగా తగులుతుంది. 1966లో స్పిట్‌ఫైర్ రూపానికి కప్పు వేసి, రెండు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను పెట్టి, జీటీ6 అని అమ్మారు. వెనక కాలు మాత్రం పాతదే. మా మేనల్లుడి ఆలోచనే, ఫ్యాక్టరీ చేసింది. పత్రికలవాళ్ళు చీల్చి చెండాడారు. 1968లో కింద అదనపు చేతులు, రబ్బరు కీళ్ళు పెట్టి సరిచేశారు. ఖర్చుతో కూడిన పని అది.

చవకగా చేసిన పని 1970లో స్పిట్‌ఫైర్ నాలుగో నమూనాకు వచ్చింది. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. పాత పద్ధతిలో కమాను కట్ట మొత్తాన్ని డబ్బా నెత్తిన కదలకుండా బిగించేవారు. అందువల్ల కారు పక్కకు ఒరిగితే కట్ట మొరాయించి ఆ బరువంతా బయటి చక్రం మీదే వేసేది. కొత్త పద్ధతిలో పట్టీల్లో ఎక్కువ భాగాన్ని నడుమ ఒక కీలు మీద, త్రాసు కాడలాగా ఊగనిచ్చారు. రెండు చక్రాలూ కలిసి గుంటలో దిగితే కట్ట మునుపటిలాగే మోస్తుంది. కారు పక్కకు ఒరిగితే మాత్రం ఊగిపోతుంది, బయటి చక్రం మీద బరువు వేయదు. మరి కారు ఒరిగిపోకుండా ఎవరు ఆపాలి? ఆ బాధ్యత ముందు చక్రాలకు అప్పగించారు, అక్కడి అడ్డకడ్డీని దిట్టం చేసి. పెద్ద మార్పు కనబడదు. కట్ట మారింది, కడ్డీ మారింది. కాలు మడవడం చాలావరకు తగ్గింది. 1973లో వెనక చక్రాల ఎడం కూడా రెండంగుళాలు పెంచారు. జీటీ6 కూడా ఆ ఏడు ఖర్చు తగ్గించుకోవడానికి ఖరీదైన కీళ్ళు మాని ఈ ఊగే కట్టకే వచ్చింది.

మన వండలూరు వాళ్ళు ఏం చేశారు? ఊగుడు ఇరుసునే తీసి అవతల పారేశారు. 1972లో హెరాల్డుకు కొత్త రూపు దిద్ది గజెల్ అని పేరు పెట్టి, వెనక అంబాసిడరు జాతి దూలం ఇరుసు బిగించారు. ఇంజను పాత 948 సీసీలదే. కొన్నవాళ్ళకూ బాగుచేసేవాళ్ళకూ ఊగుడు ఇరుసు రుచించలేదు. ఎందుకు రుచించలేదో మేస్త్రిని అడిగితే తెలిసింది.

"హెరాల్డు వెనక హబ్బు ఊడదీయాలంటే తగిన పుల్లరు ఉండాల అయ్యోరూ. అది అందరి దగ్గరా యాడుంటాది? లేకపోతే సుత్తి. సుత్తి పడితే ఇరుసు పాడు. గజెల్ వచ్చినాక మాకు నెమ్మది."

గజెల్ బండ్లు 1977 దాకా కొద్ది సంఖ్యలోనే తయారయ్యాయి. రోడ్డు పక్క షెడ్డులో బాగుచేయలేని తెలివి మన దేశంలో తెలివి కింద చెల్లదు. ఆ ఫ్యాక్టరీ వాళ్ళు గ్రహించింది అదే, వాళ్ళను నేను తప్పుపట్టను. అయినా మా వాడి కారుకు దూలం ఇరుసు పెట్టిద్దామన్న మేస్త్రి సలహా నాకు సమ్మతం కాలేదు. చాసిస్‌కు కొత్త పట్టులు వెల్డింగు చేయాలి. అరవై ఏళ్ళ ఇనుము. పైగా తయారీదారు ఇచ్చిన స్వరూపాన్ని మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఒప్పుకోదు. మా వాడి పెద్ద ఇంజనుకూ ఈ చిక్కు ఉంది. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం, యాభై ఏళ్ళు దాటి చాసిస్, బాడీ, ఇంజను అసలు రూపంలో ఉన్న కారుకే వింటేజి గుర్తింపు. ఆ గుర్తింపు తీసుకుంటే రోజూ తిప్పుకోవడానికి వీల్లేదన్నది వేరే సంగతి. కోసిన తర్వాత ఆ దారి కూడా మూసుకుపోతుంది.

మూడు వారాలు వాదించుకున్నాం. మా ఆవిడ కాఫీలు ఇచ్చీ ఇచ్చీ, "ఆ ఇరుసేదో ఇక్కడికే తెచ్చి పెట్టుకోండి" అన్నది. చివరికి ఒప్పందానికి వచ్చిన వరస ఇది. మొదట వెనక షాక్ అబ్జార్బర్లు, రబ్బరు బుష్షులు కొత్తవి వేయాలి. అరిగిపోయిన బుష్షుల మీద ఏ మార్పు చేసినా తెల్లకాగితం లేని చోట ముగ్గు వేసినట్టే. రెండోది, కమాను కట్టకూ డబ్బాకూ నడుమ ఒక అంగుళం మందం ఇనప దిమ్మ. దాన్ని పెడితే వెనక భాగం కుంగుతుంది, చక్రాలు వస్తాదు కాళ్ళలాగా నిలబడతాయి. కట్టను బిగించే బోల్టులు ఆ మేరకు పొడుగువి కావాలి, పాతవాటితో సరిపెట్టకూడదు. స్పీడు బ్రేకర్ల మీద అడుగు తగులుతుంది, మెల్లగా పోవాలి. చవకైన మందు ఇదే. రోగం తగ్గుతుంది గాని పోదు. మూడోది, డబ్బు కూడినప్పుడు, ఆ 1970 నాటి ఊగే కట్ట, దానితో పాటు ముందరి దిట్టమైన కడ్డీ. రెండూ కలిపే వేయాలి. కట్ట ఒక్కటే వేస్తే మలుపులో కారు పడవలా ఒరుగుతుంది. ఈ కార్ల విడిభాగాలు అమ్మే దుకాణాలు ఇంగ్లండులో ఇంకా ఉన్నాయి. పట్టీలు బరువైన సరుకు, తెప్పించే కూలి కట్ట ధరను తలదన్నేలా ఉంది.

మొదటి రెండింటికీ నేను డబ్బు ఇచ్చాను. దిమ్మ నెల్లూరులో లేతు మీద కోయించారు. అదే మలుపులో, అదే వేగంతో, మళ్ళీ రోడ్డు పక్కన నిలబడి చూశాను. మలుపు మధ్యలో కాలు తీయమని ముందే చెప్పాను. వెనక భాగం కాస్త లేచింది, చక్రం మడవబోయి ఆగింది, జారలేదు. వేగం పెంచి చూస్తానన్నాడు. వద్దన్నాను. ఎంత వేగంలో మళ్ళీ మడుస్తుందో తెలుసుకోవడానికి పబ్లిక్ రోడ్డు తగిన చోటు కాదు. ఘాటు ప్రయాణం మూడో మందు వచ్చేదాకా వాయిదా. అందుకు వాడు ఒప్పుకున్నాడు, మూతి ముడుచుకునే.

నడపడంలో నేర్పిన పాఠం ఒకటుంది. మలుపులోకి దిగకముందే వేగం తగ్గించుకోవాలి. దిగిన తర్వాత యాక్సిలరేటరు మీద కాలు నిలకడగా ఉండాలి. పొలం గట్టు మీద సైకిలు తొక్కినవాడికి ఇది కొత్త కాదు.

గాలి సంగతి మిగిలింది. హెరాల్డు పుస్తకంలో కూడా ముందు చక్రాలకు తక్కువ, వెనక చక్రాలకు ఎక్కువ గాలి రాసి ఉంది. పైసా ఖర్చులేని మందు. కాని పెట్రోలు బంకులో గాలిపట్టే కుర్రవాడు నాలుగు చక్రాలకూ ఒకే లెక్క పట్టేస్తాడు. ఏ కారు వచ్చినా వాడికి అదే అంకె. ఊగుడు ఇరుసు కారు ఉన్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, బంకులో కారు దిగి, ముందుకెంతో వెనక్కెంతో చెప్పి, మీటరు ముల్లు చూసుకుని మరీ కదలండి.